నేలమాళిగలో పెద్దల సభ

పాతికేళ్ళకు పైగా నేను చేసిన పని ఇది: లోకంలో ఎక్కడెక్కడి చట్టసభల్లోనో మనుషులు లేచి నిలబడి మాట్లాడిన మాటలు అచ్చయి వస్తే వాటిని అరల్లో సర్దడం, ఎవరైనా వచ్చి అడిగితే వెతికి ఇవ్వడం. అడిగేవాళ్ళు బహు తక్కువ. షికాగోలో ఒక పెద్ద విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో ప్రభుత్వ ప్రచురణల విభాగం నాది. రిటైరై ఏడాది దాటింది. ఇక్కడ లైబ్రరీ సైన్స్ చదువుతున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఫోన్ చేసి, ఆంటీ, ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పండి అన్నారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, వీసా స్పాన్సర్ చేస్తారా అన్నవే వాళ్ళ అసలు ప్రశ్నలని నాకు తెలుసు. వాటికి ఈ కాలానికి పనికొచ్చే జవాబులు నా దగ్గర లేవు. నాకు తెలిసింది వేరే ఒకటుంది. అది ఫోన్‌లో చెప్పేది కాదు.

కింది అంతస్తు

షికాగో శివార్లలో, అరోరాలో ఉన్న మా ఇంటినుంచి ఊళ్ళోకి రైల్లో గంట పైనే పట్టేది. చలికాలంలో కిటికీ పక్కన కూర్చుంటే వరసగా పెరళ్ళు కనిపించేవి. మంచు కప్పిన కంచెలు, పిల్లలు ఎగరడం మానేసిన ట్రాంపొలీన్లు, ఎవరో తీయడం మరిచిన దుప్పటి ఒకటి తీగమీద బిగుసుకుపోయి. నేపర్‌విల్ దాటేసరికి నాకు కునుకు పట్టేది. ఆ కునుకులో తరచు ఒక మాట వినిపించేది, "అధ్యక్షా" అని. ఎవరు అంటున్నారో తెలిసేది కాదు. ముందురోజు చదివిన పేజీలు నిద్రలో మళ్ళీ మాట్లాడుకుంటున్నాయి అనుకునేదాన్ని.

మా గ్రంథాలయంలో చట్టసభల పుస్తకాలు రెండు చోట్ల ఉండేవి. ప్రజలు ఎన్నుకున్న సభలవి పైన, వెలుతురున్న హాల్లో. ప్రజలు నేరుగా ఎన్నుకోని పెద్దల సభలవి రెండో నేలమాళిగలో. వాటిని అడిగేవాళ్ళు తక్కువని ఎప్పుడో ఎవరో చేసిన ఏర్పాటు అది. పై సభలు కింద, కింది సభలు పైన అని మాలో మేం నవ్వుకునేవాళ్ళం. కింద ప్రతి వరుస మొదట్లో గడియారంలా తిప్పే మీట ఉండేది. తిప్పితే పావుగంట దీపం వెలిగేది, మీట టిక్కుటిక్కుమంటూ వెనక్కి తిరిగేది, తర్వాత చీకటి. చదువుతూ నిలబడిపోతే చీకటే మనల్ని లేపేది. ఆ చీకటిలో పాత కాగితం వాసన, ఎక్కడో గొట్టాల్లో వేడినీళ్ళు పారే చప్పుడు. అక్కడ కాసేపు నిలబడితే పైన భోజనవేళ అయిందో కాలేదో కూడా గుర్తుండేది కాదు.

ఏ సభ బలపడుతున్నదో, ఏది నీరసిస్తున్నదో చెప్పడానికి నాకు పత్రికలతో పనిలేకపోయింది. దుమ్ము చూస్తే చాలు. లండన్ పెద్దల సభలో వంశం పేరున కూర్చున్నవాళ్ళను చాలామందిని పంపేశాక, ఇక ఆ సభ పని అయిపోయినట్టే అనుకున్నాను. అయింది తలకిందులు. 2001 తరువాత, మనుషుల్ని విచారణ లేకుండా నిర్బంధించే అధికారాల మీద అక్కడ వాదనలు మొదలైనప్పుడు, మా లా విద్యార్థులు కిందికి దిగడం మొదలుపెట్టారు. ఆ అరల మీద దుమ్ము ఉండేది కాదు. తాతలనాటి హక్కుతో కూర్చున్నామన్న మొహమాటం పోయాక ఆ పెద్దలకు ప్రభుత్వాన్ని కాదనే ధైర్యం వచ్చినట్టుంది. ఇది నా ఊహే. కాని అరలు సర్దిన మనిషి ఊహకు కొంత విలువ ఉంటుంది.

మన రాష్ట్రపు పెద్దల సభ, అంటే శాసనమండలి, ఆ వరుస చివర, గోడ పక్కన ఉండేది. దానిమీది దుమ్మును ఎవరూ కదపలేదు.

నేను విన్నదీ, విననిదీ

నా మొదటి పై అధికారి పేరు డొరతీ. విస్కాన్సిన్‌లో పాడిపశువుల మధ్య పెరిగిన మనిషి. పెద్ద చేతులు, నెమ్మది నడక. ఒక కాగితాన్ని పారేసే ముందు అది ఇంకెవరి దగ్గరుందో చూడమనేది. ఎవరి దగ్గరా లేకపోతే అది చెత్త కాదు, నీ బాధ్యత అనేది. ఆవిడ చెప్పింది నేను నోట్సులో రాసుకున్నాను కూడా. రాసుకున్నవన్నీ పాటిస్తామని కాదు.

ఆవిడ తరువాత గ్రెగ్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. భవనానికి చోటు కావాలి, కంప్యూటర్లకు గదులు కావాలి, పిల్లలు కూర్చుని కాఫీ తాగే మూల ఒకటి కావాలి. ఎవరూ తాకని వాటి జాబితా ఇమ్మని 2003లో నన్ను అడిగాడు. బైండు చేసినవి ఊరవతలి గోదాముకు, చేయనివి తీసెయ్యడానికి.

మన పెద్దల సభ ఎనభైల మధ్యలోనే రద్దయిపోయింది. దాని పుస్తకాల్లో సగం బైండు చేసినవి. మిగతావి రోజుకొకటిగా వచ్చిన పల్చటి సంచికలు. హైదరాబాదునుంచి వచ్చినప్పటి గోధుమరంగు కాగితంలోనే, పురికొస కట్టు కూడా విప్పకుండా ఉన్నాయి. వాటి మీద నాకు గౌరవం లేదు. మా ఇంట్లో మా బాబాయి రాజకీయాలు మాట్లాడేవాడు. ఎన్నికల్లో ఓడినవాళ్ళకు పెట్టే పెన్షను ఆ సభ అనేవాడు. ఆ మాట నాతోపాటు విమానమెక్కి వచ్చి పాతికేళ్ళు నా లోపలే ఉండిపోయిందని అప్పట్లో గమనించలేదు. ఆ కట్టలకెదురుగా తీసెయ్యమని గుర్తు పెట్టాను. ఇంకెవరి దగ్గరున్నాయో చూడలేదు. ఒక్క కట్ట విప్పి చూడలేదు. ఆ సభ మొదలైన సంవత్సరం తరువాత కేటలాగులో ఒక గీత ఉండేది, గీత తరువాత ఖాళీ. ఆ ఖాళీలో ముగింపు సంవత్సరం కొట్టి రికార్డు మూసేశాను. మధ్యాహ్నం కాఫీ వేళకు పని అయిపోయింది.

2007లో ఆ సభ మళ్ళీ బతికింది. ఆ వార్త చూసిన ఉదయం నేను ఆ ముగింపు సంవత్సరాన్ని చెరిపేశాను. చితిమీద పడుకోబెట్టిన మనిషి లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగినట్టనిపించింది. అయినా కట్టలు గుర్తుకు రాలేదు. గుర్తు చెయ్యడానికి ఒకావిడ రావలసివచ్చింది.

కాత్యాయని టీచర్

అరోరా గుడిలో పరిచయమైన పద్మ ఆ శరదృతువులో ఫోన్ చేసింది. వాళ్ళమ్మ కాత్యాయని గారు ఇండియానుంచి వచ్చారట. రాయలసీమలో ఒక చిన్న ఊళ్ళో ఆడపిల్లల హైస్కూలుకు చాలా ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్. మధ్యలో ఆరేళ్ళు పెద్దల సభలో సభ్యురాలు. పోటీ చేసి వెళ్ళలేదు, విద్యారంగంలో సేవకు గవర్నరు నామినేట్ చేస్తే వెళ్ళారు. పద్మ కూతురు నిత్య ఇక్కడే పుట్టిన పిల్ల, మా విశ్వవిద్యాలయంలోనే రాజనీతిశాస్త్రం చదువుతోంది. ప్రజలు ఎన్నుకోని సభలు ఎందుకు అన్నది ఆ పిల్ల థీసిస్. అసలు అక్కర్లేదన్నది దాని సారాంశం. మాటల మధ్యలో, అమ్మమ్మా ఆరేళ్ళలో నువ్వు అక్కడ ఏం చేశావు అని అడిగిందట. ఒక సవరణ పెట్టినా, వెనక్కి తీసుకున్నా అన్నారట ఆవిడ. నిత్యకు నవ్వాగలేదు. అప్పట్నుంచి రెండురోజులు ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు. మూడోరోజు, ఆ దినం సభలో మాటలు అచ్చయిన పుస్తకం మీ కాలేజీలో ఉంటుందా అని మనవరాలిని అడిగారు.

అలా నా గదికి వచ్చారు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. వెంకటగిరి చీర మీద అల్లుడి ఓవర్‌కోటు, కాళ్ళకు తెల్ల స్నీకర్లు. కుర్చీలో నిటారుగా కూర్చుని నా బల్లమీది కాగితాలన్నీ ఒకసారి చూశారు, తనిఖీకి వచ్చినట్టు. నిత్య పక్కన నిలబడింది. నమస్తే ఆంటీ అని, ఆ పైన ఇంగ్లీషులోకి మారిపోయింది.

మీ ప్రసంగం ఏ సంవత్సరంలోదో గుర్తుందా టీచర్ గారూ అని అడిగాను.

"నేనేం మాట్లాడినానో నాకు తెలుసులేమ్మా. దానికోసం ఇంత చలిలో ఎందుకొస్తాను? మంత్రి ఏం జవాబు చెప్పినాడో, అది కావాల."

సంవత్సరం చెప్పారు, వానాకాలపు సమావేశాలని చెప్పారు, పాఠశాలల బిల్లు మీద భోజన విరామం తరువాత అని కూడా చెప్పారు. ఆ సంవత్సరానివి బైండు కాని సంచికల్లో ఉండాలని నేను కిందికి దిగాను. మీట తిప్పాను. గోడ పక్క అర ఖాళీగా ఉంది. ఆ ఇనప అర మీద కట్టల ఆకారంలో దుమ్ము తక్కువగా ఉన్న చోట్లు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. దీపం ఆరిపోయేదాకా అక్కడే ఉన్నాను. ఆరిపోయాక కూడా కాసేపు ఉన్నాను. చీకట్లో ఆ సభ నిండా మనుషులు కూర్చుని నావైపే చూస్తున్నట్టుంది. 

మా ఉద్యోగంలో ఒక వెసులుబాటు ఉంది. "అందుబాటులో లేదు" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. మెట్లెక్కుతూ ఆ మాటే అనుకున్నాను. పైకి వచ్చి ఆవిడ ఎదుట కూర్చున్నాక నోరు రాలేదు. ఆ సంచికలు మా దగ్గర ఉండేవనీ, నాలుగేళ్ళ కిందట నేనే తీసేయించాననీ చెప్పాను.

ఆవిడ చేతికర్రను బల్లకు ఆనించి నావైపు తిరిగారు.

"చదివి పారేసినావా, చదవకుండానే పారేసినావా?"

చదవకుండానే అన్నాను.

"అట్లయితే సరేలే. చదివి పారేసింటే బాధపడేదాన్ని."

ఆ పేజీ చేసిన పని

వాళ్ళను కింద కాఫీ మూలకు తీసుకెళ్ళాను. 2003 జాబితాలతో ఖాళీ చేసిన చోట్లలో ఒకటి అది. ఆవిడ టీలో పాలు కలుపుకుని, తొందరేమీ లేకుండా చెప్పుకొచ్చారు. మధ్యమధ్య నిత్య కోసం ఒక మాట రెండుసార్లు చెప్పేవారు.

వాళ్ళ బడిలో తొమ్మిదో తరగతిలో నాగలక్షుమ్మ అని ఒక పిల్ల ఉండేది. లెక్కల్లో చురుకు. దసరా సెలవుల్లో పెళ్ళి చేశారు. సెలవులయ్యాక మెడలో నల్లపూసలతో, మామూలుగానే పుస్తకాలు పట్టుకుని బడికి వచ్చింది. అత్తవారింటికి పంపడానికి ఇంకా రెండేళ్ళు ఉంది, అంతదాకా చదువుకుంటాను అంది. పెళ్ళయిన పిల్ల మధ్యలో కూర్చుంటే మిగతా పిల్లల బుద్ధులు మారతాయని బడి కమిటీ పెద్దలు పట్టుబట్టారు. ఏ చట్టంలోనూ అలా లేదు, ఉండకూడదని కూడా లేదు. హాజరుపట్టీలో పేరు కొట్టెయ్యమన్నారు.

"నేనే కొట్టేసినా," అన్నారు కాత్యాయని గారు. "ఎర్రసిరాతో, స్కేలు పెట్టి గీసినా. ఆ పిల్ల వాకిట్లో నిలబడి చూస్తా ఉంది."

ఆ తరువాత కొన్నాళ్ళకే నామినేషన్ వచ్చింది. ఆ సభలో ఆవిడ మొదటి మూడేళ్ళు దాదాపు మాట్లాడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పెద్ద లాయర్లు, పాత మంత్రులు. పాఠశాలల బిల్లు వచ్చినప్పుడు మాత్రం ఒక్క వాక్యం సవరణ ఇచ్చారు: వివాహమైన కారణంగా ఏ బాలిక పేరునూ హాజరుపట్టీనుంచి తొలగించరాదు. దానిమీద పది నిమిషాలు మాట్లాడారు. మంత్రి లేచి జవాబిచ్చాడు. ఆవిడ సవరణను ఉపసంహరించుకున్నారు. అంతే. మంత్రి చెప్పిన ఉత్తర్వు ఎన్నటికీ రాలేదు. ఆవిడ పదవీకాలం అయిపోయింది. కొన్నేళ్ళకు సభే పోయింది.

అయితే ఆ రోజు సంచిక ఆవిడకు పోస్టులో వచ్చింది. మంత్రి జవాబున్న పేజీని బ్లేడుతో కోసి, అట్టకు అతికించి, తన బల్ల సొరుగులో పెట్టుకున్నారు. కమిటీవాళ్ళు వచ్చి ఫలానా పిల్లకు పెళ్ళయింది, పేరు కొట్టెయ్యి అంటే సొరుగు తెరిచేవారు. బడుల ఇన్‌స్పెక్టరు అడిగినా సొరుగు తెరిచేవారు. మంత్రిగారు నిండు సభలో చెప్పిన మాట, ప్రభుత్వ ముద్రణాలయం అచ్చేసిన కాగితం, మీరు కాదంటే రాసిచ్చి పొండి అనేవారు. ఎవరూ రాసివ్వలేదు. పక్క ఊళ్ళ హెడ్‌మిస్ట్రెస్‌లు ఇద్దరు దాన్ని టైపు చేయించి పట్టుకుపోయారు. పెళ్ళయిన ఆడపిల్లలు ఆ బడిలో పది పూర్తిచేయడం మామూలైపోయింది. నాగలక్షుమ్మ మాత్రం మళ్ళీ రాలేదు. కబురు పంపేసరికి ఆమెను అత్తవారింటికి తీసుకుపోయారు.

రిటైరయ్యే రోజున అట్ట ముక్కను తరువాతి హెడ్‌మిస్ట్రెస్ చేతికిచ్చారు. అది అక్కడ ఎన్నాళ్ళుందో, ఏమైందో తెలియదు. ఇప్పుడు మనవరాలికి చూపించడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

 నిత్య మెల్లిగా, నాకు ఇదంతా ఎందుకు చెప్పలేదు అమ్మమ్మా అంది. నువ్వు నవ్వినావు కదే, అన్నారావిడ. కోపంగా అనలేదు. జరిగింది చెప్పారు.

నల్లటి రేకు మీద తెల్లటి అక్షరాలు

కాత్యాయని గారి ఆరునెలల వీసా గడువు జనవరి మధ్యలో అయిపోతుంది. టికెట్ బుక్ అయివుంది. ఆ లోపల ఆ పేజీ దొరకాలి.

నేను 2003లో చెయ్యవలసిన పనిని నాలుగేళ్ళు ఆలస్యంగా చేశాను. ఎవరి దగ్గరున్నాయో వెతికాను. తూర్పున రెండు గ్రంథాలయాలు తమ దగ్గర ఉన్నాయన్నాయి. చూస్తే వేరే సంవత్సరాలవి. ఒకచోట నాలాగే ఎవరో తీసేశారు. రోజూ రైల్లో వస్తూ పోతూ అదే ఆలోచన. కళ్ళు మూసుకుంటే పురికొస కట్టలు మంచులో పెరళ్ళనిండా పడి ఉన్నట్టు కనిపించేది. చలికి ఎవరో వాటిమీద దుప్పటి కప్పుతున్నట్టు, ఆ ఎవరో డొరతీ అయినట్టు. ఆవిడ అప్పటికి పోయి రెండేళ్ళయింది. తిట్టేది కాదు. పాలు పితికే చేతులతో దుప్పటి అంచులు సర్దేది, అంతే.

డిసెంబరు మొదట్లో టెక్సస్‌నుంచి జవాబు వచ్చింది. అక్కడ ఒక గ్రంథాలయంలో ఆ సంచికలు మైక్రోఫిష్‌గా ఉన్నాయి, అంటే అరచేతంత ఫిల్ము రేకుల మీద వందల పేజీలు చిన్నవిగా చేసి తీసినవి. పంపుతామన్నారు. మధ్యలో క్రిస్మస్ సెలవులు. ఆవిడ ప్రయాణం ఇంకా అయిదు రోజులుందనగా ఆ కవరు నా బల్లమీదికి వచ్చింది.

మర్నాడు మంచు పడింది. రైలు రెండుచోట్ల ఆగిపోయింది. నిత్య కారులో తీసుకొస్తానంటే పద్మ భయపడింది. కాత్యాయని గారు మానుకోవడానికి ఒప్పుకోలేదట, నేను పోతాను అన్నారట. మధ్యాహ్నానికి కూతురూ మనవరాలూ ఆవిడను చెరొకవైపు పట్టుకుని తీసుకొచ్చారు. పద్మ ఆఫీస్‌కి కాల్ చేయడానికని బయటే ఉండిపోయింది.

యంత్రం తెరమీద పేజీ వెలిగింది. నల్లటి నేలమీద తెల్లటి తెలుగు అక్షరాలు. మంచు వెలుతురు కిటికీలోంచి పడుతుంటే అవి కాస్త వణుకుతున్నట్టున్నాయి. నిత్యకు తెలుగు చదవడం రాదు, ఆవిడకు తెర చూడలేని కళ్ళు. నేనే చదివాను.

"గౌరవ సభ్యురాలు వెలిబుచ్చిన ఆందోళనను ప్రభుత్వము గుర్తించినది. వివాహమైన కారణముగా బాలికను బడినుండి తొలగించుట సమంజసము కాదని నేనును అంగీకరించుచున్నాను. అయితే దీనిని చట్టములో చేర్చినచో బాల్యవివాహమును చట్టమే ఒప్పుకొన్నట్లగును. కావున ఈ విషయమై తగు ఉత్తర్వులు జారీచేయు అంశము పరిశీలించబడును. సవరణను ఉపసంహరించుకొనవలసినదిగా కోరుచున్నాను." దాని కింద ఒక్క వాక్యం: "సభ అనుమతితో సవరణ ఉపసంహరించబడినది."

 మళ్ళీ లోపల చదువుకున్నాను. పరిశీలించబడును. నిత్య ఆ మాటే పట్టుకుంది. ఆ మాటకు అర్థం ఏమిటని అడిగింది. ఆలోచిస్తాం అని చెప్పాను.

"అంటే ఆయన ప్రామిస్ చెయ్యలేదు కదా అమ్మమ్మా," అంది.

"చెయ్యలేదు."

"నీకు తెలుసా?"

"ఆ దినమే తెలుసు. మా ఇన్‌స్పెక్టర్లకు పైన రెండు వాక్యాలు గట్టిగా చదివి వినిపించేదాన్ని. తక్కిన వాక్యాల కాడికి వచ్చేసరికి కాఫీ తెప్పించేదాన్ని." ఆవిడ చేతికర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు. "ఓటుకు పెట్టింటే ఓడిపోయేదాన్ని, నిత్యా. అప్పుడు ఓడిపోయింది అని మాత్రమే అచ్చయ్యేది. వెనక్కి తీసుకుంటేనే కదా, సమంజసము కాదు అని ఆయన చెప్పిన మాట మిగిలింది. నాకు ఆ మాట చాలు."

నాకు పాతికేళ్ళ ఉద్యోగంలో ఎవరూ చెప్పని సంగతి అది. మా సూచికల్లో "ఉపసంహరణ" అన్న పదం కింద వేల పేజీలున్నాయి. ఏ దేశపు పెద్దల సభ తీసుకున్నా అంతే. వాటిని నేను ఓటమి పట్టికలుగా చూసేదాన్ని. గెలిచే బలం లేని సభ, ప్రభుత్వం నోట ఒక మాట చెప్పించి అచ్చువేయించడానికి వేసే ఎత్తు కూడా కావచ్చునని ఎన్నడూ తోచలేదు.

నిత్య వెంటనే ఒప్పుకోలేదు. నాకు ఆ పిల్లలో నచ్చింది అదే. నువ్వు మంచిదానివి కాబట్టి ఆ పేజీని మంచికి వాడావు, ఇంకొకరు చెడ్డకు వాడొచ్చు, నిన్ను ఎవరూ ఎన్నుకోలేదు, తప్పు చేస్తే దింపే దారి లేదు, అని సగం ఇంగ్లీషులో సగం తెలుగులో వాదించింది. కాత్యాయని గారు తలాడిస్తూ విన్నారు. నువ్వు రాసింది తప్పని నేనెప్పుడన్నాను అన్నారు. కమిటీని కూడా ఎవరూ ఎన్నుకోలేదు, పేరు కొట్టేసిన నన్నూ ఎన్నుకోలేదు అన్నారు.  వసంతంలో నిత్య థీసిస్ ఇచ్చింది. ముగింపు మార్చలేదు. కాని ఏమీ చెయ్యని సభ అన్న మాటను తీసేసింది. నేను చదివాను.

కాపీలు

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. పారేసేముందు ఇంకొకచోట ఉందో లేదో చూడండి. మీ బాబాయిల మాటల్ని మీ ఉద్యోగానికి తీసుకురాకండి. పొరపాటు చేస్తే చేశానని చెప్పండి, మనుషులు మీరనుకున్నదానికన్నా తొందరగా సర్దుకుంటారు. పెద్దల సభలు ఉండాలా వద్దా అంటే నాకు ఇప్పటికీ తెలియదు. నేను కాగితాలు చూసినదాన్ని, అంతే.

ఆ మధ్యాహ్నం ఇంకా కొంచెం మిగిలి ఉంది. అది చెప్పి ఆపుతాను.

ఆ పేజీని కాగితం మీద కాపీ తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వేలితో వాక్యాల మీద నడిచారు. తరువాత ఇంకొక పది తియ్యమ్మా అన్నారు.

అన్ని ఎందుకండీ అన్నాను. బంధువులకు పంచుతారేమో అనుకున్నాను.

"ఇప్పుడు కూడా చేస్తున్నారు పెళ్ళిళ్ళు. మా పక్కూళ్ళలో బళ్ళున్నాయి. ఇది ఇప్పటికీ పనిచేస్తుంది."

ఆ మంత్రి చనిపోయి చాలాకాలమైంది. ఆ మాట మాట్లాడిన సభ ఒకసారి చచ్చి బతికింది. ఆ బిల్లు మీద ఎన్ని చట్టాలు వచ్చిపడ్డాయో.  దళసరి కాగితం వెతికి పది తీశాను. యంత్రంలోంచి ఒక్కొక్కటే వెచ్చగా బయటికి వచ్చింది.

మీ దగ్గర సీలేమన్నా ఉందా అని అడిగారు.

ఉంది. గ్రంథాలయం పేరుతో గుండ్రటి రబ్బరు ముద్ర. అది పుస్తకాల మీద వెయ్యడానికి, కాపీల మీద కాదు. గ్రెగ్ చూస్తే ఏమంటాడో నాకు తెలుసు. నేను ముద్ర తీసి, ప్యాడు మీద అద్ది, పదకొండు కాగితాల మీదా వరసగా వేశాను. నా ఉద్యోగంలో నిబంధన తప్పి వేసిన ముద్రలు అవే. నిత్య ఒక్కొక్కదాని మీదా సిరా ఆరేదాకా ఊదింది. ఒకదాని మీద నా చెయ్యి జారి సగం ముద్ర మచ్చలా అలుక్కుపోయింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీస్తానన్నాను.

కాత్యాయని గారు ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని అన్నిటికన్నా పైన పెట్టుకున్నారు.

"ఉండనీ. కొంచెం అలుక్కుంటేనే గవర్నమెంటుదనిపిస్తుంది."